బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత: మొదటి గుక్క నీళ్ల నుంచి రెండో ఏడాది దాకా

స్లీవ్ ఆపరేషన్ అయ్యి నేను ఇంటికొచ్చిన రోజు మా అమ్మ అటక మీద డబ్బాలోంచి వెండి ఉగ్గుగిన్నె దించింది. మా అమ్మాయికి పాలు పట్టిన గిన్నె అది. పదిహేను నిమిషాలకోసారి 30 మిల్లీలీటర్లు తాగమన్నారని చెబితే, దగ్గుమందు సీసా మూతతో కొలిచి చూసింది. 10 మిల్లీలీటర్ల మూత మూడుసార్లు పోస్తే గిన్నె నిండింది. ఆ తర్వాత నెలరోజుల పాటు మంచినీళ్లు, మజ్జిగ, పెసరకట్టు అన్నీ ఆ గిన్నెతోనే తాగాను. గంటకి నాలుగు గిన్నెలంటే 120 మిల్లీలీటర్లు. మెలకువగా ఉండే పద్నాలుగు గంటల్లో లీటరున్నర దాటుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోయి మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తే పని లేకుండా నన్ను కాపాడింది ఆ గిన్నే.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు చాలామంది నాతో మాట్లాడుతుంటారు. నొప్పి ఎంత, ఖర్చు ఎంత, ఎన్ని కిలోలు తగ్గుతాం అని అడుగుతారు. ఇంటికొచ్చాక ఎలా ఉండాలని అడిగేవాళ్లు తక్కువ. నాకు తెలిసొచ్చింది ఒకటే. మొదటి ఏడాది ఆకలి చాలా తక్కువగా ఉంటుంది, ఆపరేషనే మన తరఫున పని చేసిపెడుతుంది. రెండో ఏడాదికి ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. అప్పటికి ఏ అలవాట్లు కుదిరి ఉంటే అవే మనకి దిక్కు. ఆ మొదటి ఏడాదిని ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ సర్జన్, డైటీషియన్ ఇచ్చిన కాగితానికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే వాళ్ల మాటే వినండి.

ముందుగా: మీకు ఏ ఆపరేషన్ జరిగింది?

వింతగా అనిపించవచ్చు కానీ, చాలామందికి తమకి జరిగింది స్లీవో బైపాసో సరిగ్గా తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ పేరు వెతికి, ఆ పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. ఇకమీదట ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ముందు అది చూపించాలి.

స్లీవ్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా పోతుంది కాబట్టే మొదట్లో ఆకలి తెలియదు. పేగుల దారి మాత్రం మారదు. బైపాస్‌లో జీర్ణాశయం పైన చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగులో కింది భాగానికి కలుపుతారు. చిన్నపేగు మొదటి భాగం తిండి తగలకుండా పక్కకి ఉండిపోతుంది. ఐరన్, కాల్షియం ఒంటికి పట్టేది ముఖ్యంగా అక్కడే. అందుకే బైపాస్ అయినవాళ్లు విటమిన్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి.

మొదటి రెండు వారాలు ఇంట్లో

కడుపు మీద నాలుగైదు చిన్న గాట్లే ఉంటాయి. కానీ మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి చాలామందిని భయపెడుతుంది. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాస్ వల్ల వచ్చే నొప్పి అది. నడిస్తే తగ్గుతుంది. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి హాల్లో అటూ ఇటూ ఐదు నిమిషాలు నడవండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి కూడా ఈ నడకే మందు. జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చి ఆపరేషన్ చేయించుకుని ఐదారు గంటలు కారులో తిరిగి వెళ్లేవాళ్లు దారిలో గంటకోసారి బండి ఆపించి దిగి నడవాల్సిందే. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇంటికి రాసిస్తే ఒక్కటి కూడా మానకండి. ఊపిరి పీలిస్తే మూడు బంతులు పైకి లేచే ప్లాస్టిక్ పరికరం ఇస్తారు. మూల పడేయకండి, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా చూసేది అదే.

నెల నుంచి నెలన్నర దాకా ఐదు కిలోలకి మించి బరువు ఎత్తకూడదు. నీళ్ల క్యాను, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా ఏదీ వద్దు. చిన్నపిల్లలుంటే మంచం మీద కూర్చుని ఒళ్లోకి తీసుకోండి, వంగి ఎత్తుకోవద్దు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు మూడు వారాల్లో వెళ్లవచ్చు. ఒళ్లు వంచి చేసే పనైతే నెల పైనే ఆగాలి.

నొప్పి మాత్రల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెడికల్ షాపులో ఒళ్లు నొప్పులని అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి పొట్టలో పుండు పడేలా చేస్తాయి. బైపాస్ అయినవాళ్లకి ఇవి జీవితాంతం నిషిద్ధమనే అనుకోవాలి, స్లీవ్ వాళ్లు సర్జన్‌ని అడక్కుండా ముట్టకూడదు. సిగరెట్ వల్ల కూడా అదే పుండు వస్తుంది. మామూలు నొప్పికి పారాసెటమాల్ చాలు.

షుగర్, బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లు పాత మోతాదు అలాగే మింగితే ప్రమాదం. తిండి ఒక్కసారిగా తగ్గిపోతుంది, బరువు ఇంకా తగ్గకముందే షుగర్ దిగిపోవడం మొదలవుతుంది. ఇన్సులిన్, గ్లైమిపిరైడ్ లాంటివి వాడితే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. పేరు చివర ‘ఫ్లోజిన్’ అని ఉండే షుగర్ మాత్రలైతే, రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. డిశ్చార్జ్ రోజే ఏది ఆపాలి, ఏది సగం చేయాలి అని కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో షుగర్ మెషీన్, బీపీ మెషీన్ రెండూ ఉండాలి.

వెంటనే ఫోన్ చేయాల్సిన లక్షణాలు

దీన్ని ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లో మిగతావాళ్లకి కూడా తెలియాలి.

- కదలకుండా కూర్చున్నా గుండె నిమిషానికి 120 సార్లకి మించి కొట్టుకోవడం
- 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి, వణుకు
- తగ్గాల్సిన కడుపు నొప్పి పెరుగుతూ పోవడం, ఎడమ భుజంలోకి పాకడం
- ఆయాసం, ఛాతీలో నొప్పి
- ఒక కాలి పిక్క వాచి, పట్టుకుంటే నొప్పి పుట్టడం
- నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా రావడం
- నల్లటి తారులాంటి విరేచనం, రక్తపు వాంతి

మొదటి మూడింటికి కారణం లోపల జీర్ణాశయం కుట్టు దగ్గర లీకు కావచ్చు. దానికి గంటల లెక్కలోనే చికిత్స మొదలుపెట్టాలి. “గ్యాస్ అయ్యుంటుంది, కాస్త సోడా తాగు” అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తాగకండి. వీధి చివరి క్లినిక్‌లో గ్యాస్ ఇంజెక్షన్ చేయించుకుని పొద్దున్న దాకా చూద్దామని పడుకోకండి. ఆపరేషన్ చేసిన టీమ్‌కి ఫోన్ చేయండి. అర్ధరాత్రి అయినా సరే, మొహమాటపడొద్దు.

తిండి: నాలుగు మెట్లు

మొదటి రెండు వారాలు ద్రవాలే. మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లు, వడకట్టిన పలచటి సూప్, కొబ్బరి నీళ్లు. ఆ తర్వాత వెన్న తీసిన మజ్జిగ, పాలు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు, పలచటి రాగి జావ. జావలో పంచదార, బెల్లం వద్దు.

మా అమ్మ పెసరకట్టు ఇలా చేసేది. గుప్పెడు పెసరపప్పు కడిగి, నాలుగింతల నీళ్లు పోసి, చిటికెడు పసుపేసి కుక్కర్లో మెత్తగా ఉడికించేది. కవ్వంతో గిలకొట్టి, టీ వడపోసే జల్లెడలో గరిటెతో అదుముతూ వడకట్టేది. పైన ఉప్పు, జీలకర్ర పొడి. తాలింపు లేదు. ఆవగింజ, ఎండుమిరపకాయ తొక్క, కరివేపాకు రెబ్బ ఆ గొట్టంలో ఇరుక్కుంటే పడే బాధ పడ్డవాళ్లకే తెలుసు.

మూడు, నాలుగు వారాలు మెత్తగా గుజ్జు చేసినవి. ఉడికించిన పప్పు, గిలకొట్టిన గడ్డ పెరుగు, మిక్సీ పట్టిన సొరకాయ కూర, ఉడికిన గుడ్డు పెరుగుతో కలిపి మెదిపినది. పసిపాపకి పెట్టేంత మెత్తగా ఉండాలి. పూటకి నాలుగైదు చెంచాలతో కడుపు నిండిపోతుంది.

ఐదు నుంచి ఎనిమిది వారాల దాకా మెత్తటివి. గుడ్డు పొరటు, మెత్తటి పనీర్, ముళ్లు తీసిన చేపముక్క, పెరుగులో నానిన ఇడ్లీ ముక్క, పలచటి పెసరట్టు. చేప చాలా సులువుగా పడుతుంది. చికెన్ ఆలస్యంగా పడుతుంది, దాని పీచు నమిలినా మిగిలిపోతుంది. ముందు కీమాతో మొదలుపెట్టండి.

రెండు నెలల తర్వాత ఇంట్లో వండే మామూలు తిండి, ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ. ములక్కాడ, పనసకాయ, పీచు ఎక్కువున్న గోంగూర కాడలు, చపాతీ, మెతుకు అతుక్కునే అన్నం చివర్లో.

అన్నం సంగతి నేను కష్టపడి తెలుసుకున్నాను. తొమ్మిదో వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, వేడన్నం. పాత అలవాటు కొద్దీ నిమ్మకాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. రెండోదీ పెట్టుకున్నాను. మూడోది గొంతు దిగాక రొమ్ము ఎముక వెనకాల ఎవరో గులకరాయి పెట్టి నొక్కినట్టయింది. నోట్లో చొంగ ఊరడం మొదలైంది, మింగితే దిగదు. సింకు దగ్గర నిలబడితే సబ్బు నురగలాంటిది బయటికి వచ్చింది, అన్నం మాత్రం రాలేదు. ఇరవై నిమిషాలు నిలబడే ఉన్నాను. నీళ్లు తాగితే దిగుతుందని ఒక గుక్క తాగాను, అదీ పైకే వచ్చింది. ఇలా ఇరుక్కున్నప్పుడు చేయాల్సింది మెల్లగా నడుస్తూ ఆగడమే. నీళ్లతో తోయకూడదు, సోడా అసలే వద్దు. అది సర్దుకున్నాక ఆ పూట ద్రవాలతోనే సరిపెట్టుకోవాలి. గంటలు గడిచినా దిగకపోయినా, రోజూ ఇలాగే జరుగుతున్నా డాక్టర్‌కి చెప్పాలి. దారి సన్నబడి ఉండవచ్చు.

అప్పటినుంచి నా ముద్ద శనగగింజంత. చేత్తో తినడం మానక్కర్లేదు, నిజానికి ముద్ద ఎంత మెత్తగా ఉందో వేళ్లకే బాగా తెలుస్తుంది. ప్రతి ముద్దా ఇరవైసార్లు నమిలి, చెయ్యి కంచంలో ఆనించి, అది దిగాక ఇంకోటి. భోజనానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. టీవీ, ఫోన్ పక్కన పెట్టాలి. చాలనిపించేటప్పుడు కడుపులో మనకి అలవాటైన నిండుదనం తెలియదు. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి ఎక్కిళ్లొస్తాయి, నాకు ఒక చిన్న నిట్టూర్పు వస్తుంది. మీ గుర్తేదో కనిపెట్టండి. అది వచ్చాక ఇంకొక్క ముద్ద కూడా వద్దు.

ఇక నీళ్లు. తినేటప్పుడు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మన భోజనానికి ఇది కష్టమైన నియమం. పక్కన గ్లాసు లేకుండా విస్తరి వెయ్యం కదా. చారన్నం, మజ్జిగన్నం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ద్రవంతో కలిసిన అన్నం గొట్టంలోంచి జర్రున జారిపోతుంది, నిండినట్టు అనిపించదు, ఎంతైనా తినేస్తాం. చారు ప్రాణమైతే అన్నం లేకుండా వేరే పూట గిన్నెలో పోసుకుని తాగండి. నేను సాయంత్రం ఐదింటికి మిరియాల చారు తాగుతాను, టీకి బదులు.

ప్రొటీన్ లెక్క

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, నీరసం వస్తుంది. కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూరగాయ, చోటు మిగిలితే అన్నం. అన్నం చుట్టూ మిగతావన్నీ పెట్టుకునే మన అలవాటుకి ఇది తలకిందులు. అందుకే మొదటి ఏడాదిలోనే అలవాటు కావాలి.

గుడ్డులో 6 గ్రాములుంటుంది. 200 మిల్లీలీటర్ల పాలలోనూ ఇంచుమించు అంతే. 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు. మాంసం, చేప తినేవాళ్లకి ఈ లెక్క సులువుగా తేలుతుంది. శాకాహారులకి నిజంగా కష్టం. “రోజూ పప్పు తింటాం కదా” అని ధైర్యంగా ఉంటారు కానీ, మనం వండే పలచటి పప్పు చిన్న గిన్నెడు తింటే వచ్చేది ఐదు గ్రాములకి అటూ ఇటూ.

శాకాహారికి ఒక రోజు ఇలా ఉండవచ్చు. పొద్దున్న పాలలో ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి), రెండూ కలిపి 30 గ్రాములు. పదకొండింటికి చిన్న గిన్నెడు గడ్డ పెరుగు, 3 గ్రాములు. మధ్యాహ్నం 50 గ్రాముల పనీర్ కూర, కాస్త ముద్దపప్పు కలిసి 14. సాయంత్రం వేయించిన శనగపప్పు పొడి రెండు చెంచాలు మజ్జిగలో, 4. రాత్రి 20 గ్రాముల మీల్ మేకర్ నానబెట్టి, తురిమి, టమాటాతో వండితే 10. మొత్తం 61. ప్రొటీన్ పొడి లేకుండా మొదటి ఆరు నెలలు ఈ అంకె చేరడం శాకాహారులకి దాదాపు అసాధ్యం. అది జిమ్‌వాళ్లకే కదా అనే మొహమాటం వదిలేయండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఎంత తీసుకోవాలో డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి.

మాత్రలు: జీవితాంతం

అందరూ జారిపోయేది ఇక్కడే. ఏడాది తిరిగేసరికి బాగానే ఉన్నాం కదా అని విటమిన్లు ఆపేస్తారు. బీ12 నిల్వలు కాలేయంలో కొన్నేళ్ల పాటు ఉంటాయి కాబట్టి లోపం వెంటనే బయటపడదు. పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం మొదలయ్యేసరికి నరాలు దెబ్బతిని ఉంటాయి.

సాధారణంగా చెప్పేవి ఇవి: రోజూ మల్టీవిటమిన్, బీ12 రోజుకి 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి ఇంజెక్షన్, కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, విటమిన్ డీ 3000 యూనిట్లు, రక్తపరీక్షని బట్టి ఎక్కువ తక్కువ, ఐరన్, నెలసరి వచ్చే ఆడవాళ్లకీ బైపాస్ వాళ్లకీ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం కొనేటప్పుడు సిట్రేట్ అని ఉందో లేదో చూడండి, కార్బొనేట్ ఒంటికి పట్టాలంటే పొట్టలో ఆమ్లం ఎక్కువ కావాలి. ఒక్కసారికి 500, 600 మిల్లీగ్రాములకి మించి పట్టదు కాబట్టి రెండు మూడుసార్లుగా వేసుకోవాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు, ఐరన్ పక్కన కాఫీ, టీలు వద్దు. నేను పొద్దున్నే ఐరన్, పదకొండింటికీ రాత్రికీ కాల్షియం పెట్టుకున్నాను. వారం రోజుల మాత్రల డబ్బా ఆదివారం సాయంత్రం నింపుతాను.

బీ1 గురించి ఒక మాట. వారం పది రోజులు ఆగకుండా వాంతులవుతుంటే ఒంట్లో బీ1 అడుగంటిపోతుంది. చూపు రెండుగా కనపడటం, నడిస్తే తూలడం, మాట తికమకపడటం మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి బైపాస్ లేదా స్లీవ్ అయిందని చెప్పాలి. గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందే థయామిన్ (అంటే బీ1) ఇవ్వాలని అక్కడ గుర్తుచేయండి.

రక్తపరీక్షలు మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆ తర్వాత ఏటా. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, డీ, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్ ఆ పట్టీలో ఉండాలి.

ఒంట్లో వచ్చే మార్పులు

మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వస్తుంది. బరువు వేగంగా తగ్గినప్పుడు ఒళ్లు చూపించే సహజమైన స్పందన అది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందితే కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. బట్టతల వచ్చేస్తుందేమోనని నేను చాలా ఏడ్చాను. రాలేదు.

మూడో వారం ప్రాంతంలో ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడూ ముల్లు కదలకుండా ఆగిపోతుంది. రోజూ తూకం చూసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే సమయంలో చూసుకోండి. స్లీవ్‌తో ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో పావు వంతు, ఆ పైన తగ్గడం మామూలు. పక్కింటావిడ 40 కిలోలు తగ్గితే మీరూ అంతే తగ్గాలని లేదు.

స్లీవ్ తర్వాత గుండెల్లో మంట కొందరికి ఎక్కువవుతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే తినేయండి, మంచానికి తలవైపు ఉండే కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి, తగ్గకపోతే చూపించుకోండి. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. అందుకే చాలా చోట్ల ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. మలబద్ధకానికి నీళ్లే మొదటి మందు.

బైపాస్ వాళ్లకి, కొంతవరకు స్లీవ్ వాళ్లకి కూడా, తీపి తిన్న అరగంటలోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు పుడుతుంది. శ్రీరామనవమి పానకం ఒక గ్లాసు చాలు ఇది తెప్పించడానికి. ప్రసాదమైతే చెంచాడు కళ్లకద్దుకుని ఆగిపోండి.

చర్మం వేలాడుతుంది, ముఖ్యంగా జబ్బలు, పొట్ట. వ్యాయామంతో కండ పెరుగుతుంది కానీ చర్మం పూర్తిగా బిగవదు. మడతల్లో చెమట నిలవకుండా పొడిగా తుడుచుకోండి. మూడో నెల నుంచి నడకతో పాటు డాక్టర్ అనుమతితో కాస్త బరువులెత్తే వ్యాయామం చేయండి. నీళ్లు నింపిన లీటరు బాటిళ్లతో మొదలుపెట్టినా చాలు.

ఆడవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది: బరువు తగ్గగానే నెలసరి సక్రమమై గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు, ఒంట్లో పోషకాలు అప్పుడు చాలవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పని చేయకపోవచ్చు. వేరే పద్ధతి గురించి గైనకాలజిస్ట్‌ని ముందే అడగండి.

మద్యం అలవాటున్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత అది చాలా త్వరగా, చాలా తక్కువకే ఎక్కుతుంది. తిండితో దొరికే ఊరట పోయాక కొందరు దాని వైపు మళ్లుతారు. మొదటి ఏడాది ముట్టకపోవడమే క్షేమం.

చుట్టూ మనుషులు

“ఏంటే అలా చిక్కిపోయావు, షుగర్ వచ్చిందా?” అనే ప్రశ్న ప్రతి పెళ్లిలోనూ వస్తుంది. ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. అందరికీ చెప్పాల్సిన బాధ్యత లేదు. కానీ రోజూ వండిపెట్టేవాళ్లకి, ఆఫీసులో పక్కన కూర్చునే ఒక్కరికి చెప్పి ఉంచండి. పొరపాటున ఇరుక్కుని బాధపడుతుంటే వాళ్లకి ఏం జరుగుతోందో తెలియాలి.

పెళ్లి బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్లని ఆపడం మన వల్ల కాదు. నేను ఇంట్లోనే ప్రొటీన్ తిని వెళ్తాను, అక్కడ బఫే ఉంటే చిన్న పళ్లెం తీసుకుంటాను, బంతి అయితే ఆకు మీద అర చెంచా కూర, ఒక గారె ముక్క పెట్టించుకుని మిగతావాటికి చెయ్యి అడ్డం పెడతాను. “డాక్టర్ గారు వద్దన్నారు పిన్నీ” అంటే మన పెద్దవాళ్లు ఇంకేం అడగరు. ఉపవాసాలు, రంజాన్ రోజాలు మొదటి ఏడాది, ఏడాదిన్నర వద్దు, తర్వాత కూడా డాక్టర్‌ని అడిగే ఉండాలి.

మనసు సంగతి. కోపమొచ్చినా, దిగులేసినా మనలో చాలామందికి తిండే ఓదార్పు. ఆ తలుపు ఒక్క రోజులో మూసుకుపోతుంది. మూడో నెలలో ఏ కారణం లేకుండా నాకు ఏడుపొచ్చేది. “ఎందుకు చేయించుకున్నానా” అనిపించిన రాత్రులున్నాయి. ఇది చాలామందికి జరుగుతుంది, తగ్గుతుంది. తగ్గకపోతే, బతకాలనిపించకపోతే ఒంటరిగా మోయకండి. టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

రెండో ఏడాది

ఒకరోజు పొద్దున్న ఆకలేస్తుంది. నిజమైన, పాత ఆకలి. ఆపరేషన్ పాడైపోయిందేమో, గొట్టం సాగిపోయిందేమో అని భయపడతారు. అది అందరికీ వచ్చేదే. ఇప్పుడు పూటకి చిన్న గిన్నెడు తినగలుగుతారు, తినాలి కూడా.

బరువు తిరిగి పెరిగేది భోజనాల వల్ల కాదు. చికెన్ ముక్కలు నాలుగు తింటే గొట్టం చాలంటుంది. జంతికలు, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ మాత్రం ఎన్నైనా జారిపోతాయి. ఎండలో మైసూర్‌పాక్ కరిగినట్టు అవి నోట్లోనే కరుగుతాయి, కడుపుకి తెలియదు. పూటకీ పూటకీ మధ్య చిరుతిండిగా నోట్లో పడేవాటి మీదే కన్నేసి ఉంచాలి.

మీ అతి తక్కువ బరువు ఎంతో గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. దానికి నాలుగు కిలోలు పైన ఒక గీత గీయండి. అది దాటిన వారమే డైటీషియన్‌కి ఫోన్ చేయాలి. నేను దాటాను. సిగ్గుతో ఐదు నెలలు ఫోన్ చేయలేదు, చెకప్‌కి కూడా ఎగ్గొట్టాను, అప్పటికి ఏడు కిలోలయింది. చివరికి వెళ్తే ఆవిడ ఒక్క మాట అనలేదు. మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాసుకురమ్మంది. రాసుకెళ్లాను. భోజనాలన్నీ సరిగ్గా ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి, మా అమ్మాయికి హోంవర్క్ చేయిస్తూ, డబ్బాలోంచి తీసుకున్న చేగోడీలు మూడు రోజులూ ఉన్నాయి. డబ్బా మా అత్తగారి గదిలోకి మారింది. ఆరింటికి నా చేతిలో ఇప్పుడు ఉడికించిన శనగల గిన్నె ఉంటుంది. నాలుగు నెలల్లో ఆ ఏడింటిలో ఐదు కిలోలు తగ్గాయి.